పెద్ద పుట, చిన్న యంత్రము: ఎంబెడెడ్ కెర్నెల్‌లలో మెమరీ విభజన విధానము

1. ప్రస్తావన

గ్రంథరచనకు సంబంధించిన పెక్కు మాటలను కంప్యూటరు శాస్త్రము గైకొన్నది. వానిలో ‘పుట’ యొకటి. పుస్తకమునందలి పుట చదువరి కంటికి కనబడును. యంత్రమునందలి పుట ఆ యంత్రమును వాడుకొనువారికి ఎన్నడును కనబడదు. అయినను యంత్రము యొక్క వేగము, మెమరీ వినియోగము, భద్రత అను మూడును ఆ పుట పరిమాణముపై ఆధారపడియున్నవి. పరిమాణమును పెంచినచో కలుగు ఫలమేమి యను ప్రశ్న చిన్న యంత్రముల విషయమున మిక్కిలి చిక్కైనది. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు విషయము.

ముందుగ రెండు మాటల అర్థమును స్థిరపరచుకొనవలయును. యంత్రములోని ప్రాసెసర్‌ను, మెమరీని, ఇతర సాధనములను వివిధ కార్యక్రమములకు పంచియిచ్చు నిర్వాహక వ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. దాని గర్భభాగమే కెర్నెల్. మరియొక వస్తువునందు ఇమిడియుండి, ఆ వస్తువునకు విధింపబడిన ఒకటి రెండు పనులనే నిర్వర్తించునది ఎంబెడెడ్ యంత్రము. ఇంటిలోని రౌటరు, ఆసుపత్రిలోని పర్యవేక్షణ పరికరము, కారులోని నియంత్రణ యంత్రము ఇందుకు ఉదాహరణములు. వీనికి మెమరీ స్వల్పము. పనిని ముగింపవలసిన గడువు కచ్చితము. ఈ రెండు నిర్బంధముల నడుమ పెద్ద పుట ఎచట మేలు చేయునో, ఎచట కీడు చేయునో పరిశీలింపవలసియున్నది.

2. పుటయు చట్రమును

మెమరీని సమానమైన ఖండములుగ విభజించి, కార్యక్రమము తలచుకొను చిరునామాకును వాస్తవ స్థానమునకును నడుమ ఒక అనువాదమును కల్పించుట పుటల విధానమునకు మూలము. 1962లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆరంభింపబడిన ఆట్లస్ కంప్యూటరునందు టామ్ కిల్‌బర్న్ మొదలగువారు ఈ విధానమును తొలుత అమలుపరచిరి. ఆ యంత్రమున వేగము గల కోర్ మెమరీ స్వల్పము; మందమైన డ్రమ్ము విశాలము. రెండింటిని ఒకే నిల్వగ కార్యక్రమమునకు చూపించుటకై ఆ శాస్త్రజ్ఞులు 512 పదముల పుటను ఏర్పరచిరి. ఆ తరువాత 1977 నాటి వాక్స్ యంత్రమున 512 బైట్ల పుటయు, 1985 నాటి ఇంటెల్ 80386 ప్రాసెసర్‌లో 4,096 బైట్ల పుటయు వాడుకలోనికి వచ్చినవి. ఈ కడపటి పరిమాణమే, అనగా 4 కిలోబైట్ల పుటయే, నేటికిని అత్యధిక యంత్రములలో ప్రమాణము.

ఇచట పుటకును చట్రమునకును గల భేదమును గుర్తింపవలయును. కార్యక్రమము తలచుకొను ఖండము పుట. వాస్తవమగు మెమరీలో ఆ పుట కుదురుకొను చోటు చట్రము. నేడు ఒక చట్రమునందున్న పుట రేపు మరియొక చట్రమునందుండవచ్చును. కార్యక్రమమునకు అవిచ్ఛిన్నముగ తోచు పది పుటలు వాస్తవమున పది దూరస్థలములందు చెదరియుండవచ్చును.

తెలుగు పాఠమునే ఉదాహరణముగ తీసికొందము. యూనికోడ్‌లో తెలుగు లిపికి 128 స్థానములు గల విభాగము కేటాయింపబడినది. యు.టి.ఎఫ్.-8 రూపమున అందలి ప్రతి సంకేతమును మూడు బైట్లు ఆక్రమించును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమున స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అను ఆరు సంకేతములు కలవు. కావున దానికి 18 బైట్లు. 4,096 బైట్ల పుటలో 1,365 సంకేతములు పట్టి ఒక బైటు మిగులును. ఎడము లేక నింపిన తెలుగు పాఠమున మొదటి పుట తుదినుండు సంకేతము చీలి, ఒక బైటు ఈ పుటలోను, రెండు బైట్లు మరుసటి పుటలోను పడును. అవి రెండును మెమరీలో ఎంతయో దూరమున ఉండవచ్చును. అయినను చదువు కార్యక్రమమునకు ఈ చీలిక తెలియదు. చిరునామాను అనువదించు యంత్రభాగమే ఆ రెంటిని కలుపుచున్నది.

3. చిరునామా అనువాదము

మద్రాసు ఐ.ఐ.టి.లో రూపొందిన శక్తి ప్రాసెసర్లును, సీ-డాక్ సంస్థ రూపొందించిన వేగా ప్రాసెసర్లును రిస్క్-ఫైవ్ అను బహిరంగ ఆదేశ విధానముపై నిర్మింపబడినవి. ఆ విధానమున ప్రాసెసర్లను స్వదేశమున అభివృద్ధిపరచుటకై కేంద్ర ప్రభుత్వము 2022 ఏప్రిల్‌లో ఒక ప్రత్యేక కార్యక్రమమును ప్రకటించినది. కావున ఆ విధానమునందలి 39 బిట్ల చిరునామాను ఇచట వివరించుట యుక్తము.

ఆ 39 బిట్లలో కడపటి 12 బిట్లు పుటలోపలి స్థానమును తెలుపును. మిగిలిన 27 బిట్లు తొమ్మిదేసి చొప్పున మూడు భాగములగును. ఒక్కొక్క భాగము ఒక్కొక్క పట్టికలో వెదకుటకు ఉపయోగపడును. ప్రతి పట్టికలోను 512 నమోదులు. నమోదుకు 8 బైట్లు. అనగా పట్టిక కూడ సరిగ 4,096 బైట్ల పుటయే.

ఢిల్లీలో యమునకు తూర్పున నున్న మయూర్ విహార్ చిరునామా ఈ యేర్పాటును బోధించుటకు చక్కగ ఉపకరించును. ఆ ప్రాంతము ఫేజులుగను, ఫేజు పాకెట్లుగను, పాకెట్ ఫ్లాట్లుగను విభక్తమైయున్నది. క్రొత్తగ వచ్చిన టపా బంట్రోతు మొదట ఫేజును, పిదప పాకెట్‌ను, ఆపై ఫ్లాటును కనుగొని ఉత్తరమును అందజేయును. మూడు మెట్లు. ప్రాసెసర్ కూడ ఇట్లే మూడు పట్టికలను వరుసగ చూచి చట్రమును చేరుకొనును. ఈ సామ్యము ఇంతవరకే. ఫ్లాటు తన చోటును మార్చదు, పుట మార్చును.

ప్రతి చిరునామాకును మూడేసి పట్టికలను చూచుట వ్యయప్రయాసకరము. కావున ఇటీవల కనుగొన్న అనువాదములను ప్రాసెసర్ తన వద్దనే ఒక చిన్న పట్టికలో వ్రాసియుంచుకొనును. దానికి టి.ఎల్.బి. అని సంకేత నామము. బంట్రోతు చేతిలోని చీటీవంటిది. చీటీలో ఉన్న చిరునామాకు వెదకులాట లేదు. లేనిచో మరల మూడు మెట్లును తప్పవు. ఆ చీటీ చిన్నది. చిన్న ప్రాసెసర్లలో కొన్ని పదుల నమోదులకు మించి పట్టకపోవచ్చును.

4. పెద్ద పుట వలన లాభము

పైన చెప్పిన రిస్క్-ఫైవ్ విధానమున రెండవ పట్టికలోని నమోదుననే అనువాదమును ముగింపవచ్చును. అనగా ఫ్లాటును ప్రత్యేకముగ వెదకక, పాకెట్ అంతయు ఒక్కచోటనే వరుసగ ఉన్నదని నిర్ణయించుట. అపుడు 12 బిట్లకు బదులు 21 బిట్లు పుటలోపలి స్థానమును తెలుపును. పుట పరిమాణము 2 మెగాబైట్లగును. మొదటి పట్టికలోనే ముగించినచో 1 గిగాబైటు. ఇంటెల్ వంశమున 1993 నాటి పెంటియమ్‌లో 4 మెగాబైట్ల పుటయు, ఆర్మ్ 32 బిట్ల ప్రాసెసర్లలో 64 కిలోబైట్ల పెద్ద పుటయు, 1 మెగాబైటు సెక్షన్ అను విభాగమును ఇట్టివే.

లాభము లెక్కకు సులభముగ అందును. 64 నమోదుల టి.ఎల్.బి. 4 కిలోబైట్ల పుటలతో 256 కిలోబైట్ల మెమరీని మాత్రమే కప్పగలదు. 64 కిలోబైట్ల పుటలతో 4 మెగాబైట్లను, 2 మెగాబైట్ల పుటలతో 128 మెగాబైట్లను కప్పును. 8 మెగాబైట్ల కెర్నెల్‌కు చిన్న పుటలైన 2,048 నమోదులు కావలయును. పెద్ద పుటలైన నాలుగు చాలును. పట్టికల వ్యయము కూడ తగ్గును. 256 మెగాబైట్లను చిన్న పుటలుగ నమోదు చేయుటకు 65,536 నమోదులు, అనగా కడపటి మెట్టు పట్టికలకే 512 కిలోబైట్లు. పెద్ద పుటలైనచో 128 నమోదులు ఒకే పట్టికలో ఇమిడిపోవును.

తెలుగు నిఘంటువును ధరించిన చిన్న పఠన యంత్రమును ఊహింపుడు. అకారాదిగ అమర్చిన 32 మెగాబైట్ల నిఘంటువున ఒక పదమును సగము సగముగ విభజించి వెదకుచున్నామనుకొందము. చిన్న పుటలలో నిఘంటువు 8,192 పుటలగును. పదమున్న పుటకు చేరుటకు పదుమూడు మారులు సగింపవలయును. ప్రతి మారును క్రొత్త పుటను తాకుట దాదాపు తప్పదు. పెద్ద పుటలైన పదునారే. నాలుగు మారులు సగించుటతో ఒకే పుటలోనికి వత్తుము. అంతేకాక ఆ పదునారు నమోదులును చీటీలో నిలువగలవు. నిఘంటువు చదువుటకే గాని వ్రాయుటకు కాదు. పరిమాణము ముందే తెలిసినది, స్థానము మారదు. పెద్ద పుటకు ఇంతకంటె అనువైన వస్తువు అరుదు.

5. మూడు నష్టములు

మొదటిది వృథా. ఏ భాగమైనను పుటల సరిహద్దున సరిగ ముగియుట అరుదు. సగటున కడపటి పుటలో సగము వ్యర్థమగును. 64 మెగాబైట్ల యంత్రమున ఇరువది భాగములున్నవనుకొనిన, చిన్న పుటలతో పోవునది 40 కిలోబైట్లు. 2 మెగాబైట్ల పుటలతో పోవునది 20 మెగాబైట్లు. మెమరీలో సుమారు మూడవవంతు ఖాళీ కాగితమై నిలుచును. పెద్ద కంప్యూటరు భరింపగల ఈ నష్టమును చిన్న యంత్రము భరింపజాలదు.

రెండవది అవిచ్ఛిన్నత. 2 మెగాబైట్ల పుటకు సరిహద్దు సరిపడునట్లు వరుసగ 512 చట్రములు ఖాళీగ నుండవలయును. 64 మెగాబైట్ల మెమరీలో అట్టి స్థలములు 32. ఒక్కొక్క స్థలమున కదల్పరాని 4 కిలోబైట్ల చట్రము ఒక్కటి వినియోగమందున్నను చాలును. అపుడు వాడుకలోనున్నది 128 కిలోబైట్లే. ఖాళీ 63 మెగాబైట్లకు పైన. అయినను ఒక్క పెద్ద పుటకైనను చోటు దొరకదు.

వరుస తెగుట వలని చిక్కునకు ఉదాహరణము మయూర్ విహార్ పొరుగుననే కలదు. ఢిల్లీ మెట్రో పింక్ లైనులో త్రిలోక్‌పురీ సంజయ్ లేక్ నుండి శివ్ విహార్ వరకు గల భాగము 2018 అక్టోబరు 31న, లజ్‌పత్ నగర్ నుండి మయూర్ విహార్ పాకెట్-1 వరకు గల భాగము 2018 డిసెంబరు 31న ఆరంభమైనవి. నడుమ త్రిలోక్‌పురీ వద్ద కొద్దిపాటి స్థలమునందలి నివాసుల పునరావాస సమస్య వలన మార్గము తెగియుండెను. 2021 ఆగస్టు 6న ఆ ఎడము పూరింపబడువరకు రెండు వైపుల గల సుదీర్ఘ మార్గము ఏకమార్గము కాలేకపోయినది. లోపము మొత్తము పరిమాణమున లేదు, వరుసయందున్నది. పైగా ఆ స్థలమున నున్నవారిని కదల్పక వరుస కుదరలేదు. మెమరీలో కూడ చట్రములందలి విషయమును వేరొకచోటికి తరలించి వరుసను కూర్చు ఉపాయము కలదు. దానికి కాలవ్యయము తప్పదు.

మూడవది రక్షణ. ప్రతి నమోదునందును చదువుటకు, వ్రాయుటకు, అమలుపరచుటకు వేర్వేరు అనుమతులు వ్రాయబడియుండును. అనుమతి పుటకంతకు ఒక్కటే. ఒకే తాళముతో పాకెట్ అంతయు తెరువబడినట్లు, పెద్ద పుటలో ఒక మూలకు ఇచ్చిన అనుమతి తక్కిన భాగమునకును చెల్లును. వ్రాయదగినదియు అమలుపరుపదగినదియు ఒకే పుటలో నున్నచో, శత్రువు తన ఆదేశములను వ్రాసి వానినే నడపించుకొనవచ్చును. కావున కెర్నెల్‌లోని ఆదేశములు, చదువుమాత్రపు విషయములు, మార్పుచెందు విషయములు అను మూటిని వేర్వేరు పుటలందుంచవలయును. 1 మెగాబైటు సెక్షన్లతో ఈ పని చేసినచో మూడు భాగములకు సగటున ఒకటిన్నర మెగాబైట్లు వృథా. 16 మెగాబైట్ల యంత్రమున అది ఇంచుమించు పదియవ వంతు. వృథాకు వెరచి మూటిని ఒకచో చేర్చిన రక్షణ పోవును.

పెద్ద పుటను తరువాత విడగొట్టవచ్చును గదా యని శంకింపవచ్చును. ఆర్మ్ ప్రాసెసర్ల సామాన్య నియమమును బట్టి, పాత నమోదును ముందు రద్దుచేసి, టి.ఎల్.బి.లోని ప్రతులను చెరిపి, ఆపై క్రొత్త నమోదులను వ్రాయవలయును. ఆ నడిమి క్షణమున ఆ చిరునామాకు అర్థము లేదు. కెర్నెల్ తాను నడచుచున్న పుటనే ఇట్లు విడగొట్టబూనినచో కూర్చున్న కొమ్మను నరికికొన్నట్లగును. కావున విభజనమును ఆరంభమునందే నిర్ణయించుట క్షేమము.

6. గడువు విషయము

మయూర్ విహార్ మీదుగ పోవు పింక్ లైనులో చోదకుడు లేని రైళ్ల నిర్వహణ 2021 నవంబరు 25న ఆరంభమైనది. మానవ హస్తమునకు బదులు యంత్రము నిర్ణయించు ఇట్టి పనులలో సగటు వేగము ప్రమాణము కాజాలదు. వేయి మారులు త్వరగ ముగిసి ఒకమారు ఆలసించిన యంత్రము, ప్రతి మారును మధ్యమ వేగముతో ముగించు యంత్రము కంటె హీనము. ఎంత ఆలస్యమైనను ఇంతకు మించదు అను హామీ ఇచట ముఖ్యము.

ఈ దృష్టితో చూచిన పెద్ద పుటకు రెండు ముఖములు కలవు. ముందే కేటాయించి స్థిరపరచిన పెద్ద పుట హామీని బలపరచును. వెదకవలసిన నమోదులు తగ్గి, చీటీలో లేకపోవుట అను అవాంతరము అరుదగును, తటస్థించినను ఒక మెట్టు తగ్గును. యంత్రము నడచుచుండగ తనంతట తానే చిన్న పుటలను కూర్చి పెద్ద పుటగ మార్చు విధానము హామీని చెరచును. లినక్స్ కెర్నెల్‌లో మొదటి పద్ధతి హ్యూజ్‌టి.ఎల్.బి. అను పేర తొలుత చేరినది; రెండవది 2011లో 2.6.38 సంచికతో ప్రవేశించినది. రెండవ పద్ధతిలో చట్రముల తరలింపు ఎప్పుడు జరుగునో కార్యక్రమమునకు తెలియదు. పెద్ద సర్వరులకు అది సౌకర్యము; గడువు గల యంత్రమునకు అనిశ్చయము. ఈ అనిశ్చయమును, యంత్రవ్యయమును సహింపజాలని అతి చిన్న ప్రాసెసర్లలో చిరునామా అనువాదమే ఉండదు. ఆర్మ్ కార్టెక్స్-ఎం తరగతిలో మెమరీ ప్రాంతములకు అనుమతులను విధించు రక్షణ విభాగము మాత్రమే యుండును.

7. మధ్యమ మార్గము

చిన్న పుటకును పెద్ద పుటకును నడుమ గల అగాధమును పూడ్చుటకు ఇటీవల యత్నములు జరిగినవి. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లు 4, 16, 64 కిలోబైట్ల మూల పరిమాణములలో ఒకదానిని ఎన్నుకొనుటకు వీలు కల్పించుచున్నవి. 2024లో వెలువడిన ఆండ్రాయిడ్ 15 సంచికలో 16 కిలోబైట్ల పుటకు అవకాశము కలిగినది. రిస్క్-ఫైవ్ విధానమునకు 2021లో ఆమోదింపబడిన ఒక అనుబంధము, ప్రక్కప్రక్కనున్న పదునారు చిన్న పుటలను కలిపి 64 కిలోబైట్ల ఏక నమోదుగ చీటీలో వ్రాసికొనుటకు అనుమతించుచున్నది. వృథాయు అవిచ్ఛిన్నత చిక్కును మితముగ నుండి, కప్పబడు మెమరీ పదునారు రెట్లగుట ఇందలి గుణము.

8. పారిభాషిక పదము

ఈ విషయమును తెలుగున బోధించునపుడు పదనిర్ణయము ముఖ్యమగును. 1961లో ఢిల్లీ కేంద్రముగ ఏర్పడిన శాస్త్రసాంకేతిక పదావళి సంఘమును, 1968లో స్థాపితమైన తెలుగు అకాడమియు పారిభాషిక పదములను కూర్చు కార్యమునకు పూనుకొన్న సంస్థలు. సంస్కృత సమాసములపై గల మక్కువతో పెద్ద పుటను ‘మహాపుటము’ అనుట సులభమే. కాని ఆయుర్వేద రసశాస్త్రమున మహాపుటము, గజపుటము అనునవి భస్మములను తయారుచేయు అగ్నిసంస్కారములు. తెలుగున ‘పుటము పెట్టుట’ యన్న బంగారమును కాల్చి శుద్ధి చేయుట. అర్థము స్థిరపడిన మాటను వేరొక శాస్త్రమునకు లాగుట విద్యార్థిని తికమకపెట్టును. ‘పెద్ద పుట’ యను తేటమాటకు అట్టి చిక్కు లేదు. పుట, చట్రము అను జంటను మాత్రము విడదీయరాదు. రెంటికిని పుట యనియే వ్రాసినచో అవిచ్ఛిన్నత సమస్యను వివరించుటయే అసాధ్యమగును; ఏలయన పుటలు ఎల్లపుడును వరుసగనే యుండును, చెదరునవి చట్రములు.

9. ఉపసంహారము

పై పరిశీలనమునుండి మూడు లక్షణములు తేలుచున్నవి. ఒక మెమరీ భాగము పరిమాణము ముందే తెలిసియుండవలయును. అందంతటను అనుమతి ఒక్కటే కావలయును. యంత్రము నడచినంతకాలము దాని చోటు మారరాదు. ఈ మూడును గల భాగమునకే ఎంబెడెడ్ కెర్నెల్‌లో పెద్ద పుట తగును. కెర్నెల్ యొక్క స్వీయ ఆదేశములు, స్థిరమగు నిఘంటువులు, చిత్రపటలమునకు కేటాయించిన మెమరీ ఇట్టివి. క్షణక్షణమును పుట్టి గిట్టు చిన్న కార్యముల మెమరీకి చిన్న పుటయే శరణ్యము. మొదట చెప్పిన వేగము, వినియోగము, భద్రత అను మూటిలో పెద్ద పుట వేగమును మాత్రమే నేరుగ పెంచును. తక్కిన రెంటిని ఎంతవరకు వెలగ చెల్లింపవచ్చునో కెర్నెల్ నిర్మాత యంత్రము నడువక మునుపే లెక్కించుకొనవలయును; నడక మొదలైన పిమ్మట ఆ లెక్కను సవరించుకొను అవకాశము చిన్న యంత్రమునకు స్వల్పము.